జపానుదేశమున మోర్మను ప్రచారము: ఒక గ్రంథముయొక్క భాషాచరిత్రము

గ్రంథము నాధారముగా గొన్న మతము పరదేశమునకు పోవునపుడు బోధకునితోపాటు భాషాంతరీకర్తయు పోవలసియుండును. బోధకుడు నోటిమాటతో పని గడుపుకొనవచ్చును. వినువానికి బోధపడనియెడల మఱల చెప్పవచ్చును, వేఱుమాట వెదకుకొనవచ్చును. భాషాంతరీకర్తకు ఈ వెసులుబాటు లేదు. ఆ దేశమునందు పండితులు వ్రాయు భాష యొకటియు, జనులు మాటలాడు భాష యొకటియు నున్నయెడల, దేనియందు తన గ్రంథమును నిలుపవలయునో యతడు ముందుగానే నిశ్చయింపవలెను. ఆ నిశ్చయము అచ్చుపడినపిదప ఒక తరమువఱకైనను మాఱుట యరుదు.

అమెరికానుండి వచ్చిన మోర్మను బోధకులు 1901వ సంవత్సరమున జపానునందు ప్రచార మారంభించి 1924లో దానిని విరమించిరి. ఈ యిరువదిమూడేండ్లలో పనిచేసిన బోధకులు 88 మంది. బాప్తిస్మము పొందినవారు 166 మంది. అనగా ఒక్కొక్క బోధకునికి ఇద్దఱేసి శిష్యులైనను లభింపలేదు. ఈ లెక్కనుబట్టి ఆ ప్రయత్నము విఫలమయ్యెనని చెప్పుట పరిపాటి. కాని వారు వెడలిపోవునపుడు ఆ దేశమున విడిచిపోయిన వస్తువొకటి కలదు. అది 1909లో టోకియోనగరమున ప్రకటింపబడిన మోర్మను గ్రంథముయొక్క జపానుభాషాంతరీకరణము. అది "బుంగో" అనబడు ప్రాచీన గ్రాంథికశైలియందు వ్రాయబడినది. ఆ శైలిచేతనే మతము వ్యాపింపకపోయెనా? లేక శైలికిని వ్యాప్తికిని గల సంబంధము వేఱొక విధమైనదా? ఈ ప్రశ్నయే యీ వ్యాసమునకు విషయము. గ్రాంథిక వ్యావహారిక వాదములను చిరకాలము నడపిన మన పండితలోకమునకు ఈ విచారము పరాయిది కాజాలదు.

మోర్మనులును వారి గ్రంథమును

విషయమును పరిశీలించుటకు ముందు ఈ సంఘముయొక్క పుట్టుపూర్వోత్తరములను కొంచెము తెలిసికొనుట యావశ్యకము. 1830వ సంవత్సరమున న్యూయార్కు రాష్ట్రమున జోసెఫ్ స్మిత్ అను యువకుడు "మోర్మను గ్రంథము" అను పేర నొక పుస్తకమును ప్రకటించి, ఆ యేటనే యొక సంఘమును స్థాపించెను. ప్రాచీనకాలమున అమెరికాఖండమునందు నివసించిన జనులచరిత్రము బంగారురేకులపై చెక్కబడియుండెననియు, దేవదూత వానిని తనకు చూపెననియు, దైవశక్తిచే తాను వానిని ఇంగ్లీషులోనికి మార్చితిననియు నతడు చెప్పెను. 1844లో నతడు ఇల్లినాయి రాష్ట్రమునందలి కార్తేజి చెఱసాలలో అల్లరిమూకచే చంపబడెను. పిమ్మట బ్రిగమ్ యంగ్ అను నాయకుడు అనుచరులను వెంటగొని పశ్చిమారణ్యములు దాటి 1847లో సాల్ట్‌లేక్ లోయకు చేరెను. నేటి యూటా రాష్ట్ర మట్లు వెలసినదే. ఈ సంఘమువారు బహుభార్యాత్వమును 1852లో బహిరంగముగా నంగీకరించి, ప్రభుత్వనిర్బంధములపిదప 1890లో విడిచితిమని ప్రకటించిరి. ఈ యాచారము విడువబడినను దానివలని యపఖ్యాతి మాత్రము సముద్రములు దాటి వారివెంట పోయినది.

మన విచారణకు ముఖ్యమైన సంగతి యొకటి కలదు. మోర్మను గ్రంథముయొక్క ఇంగ్లీషు 1830నాటి వాడుకభాష కాదు. అది 1611లో జేమ్సురాజుకాలమున వెలువడిన ఇంగ్లీషు బైబిలుయొక్క ఫక్కికలో వ్రాయబడినది. నాటికే సంభాషణలనుండి తొలగిపోయిన సర్వనామములును క్రియారూపములును అందు నిండియున్నవి. కథను ముందునకు నడపు ఒకే పాతకాలపు వాక్యారంభము మాటిమాటికి వచ్చుచుండును. కావున దీనిని మఱియొక భాషలోనికి మార్చువానికి, ఆ భాషయందు పాతదనముచే గౌరవమందిన శైలి యున్నయెడల, దానివైపు మనస్సు పోవుట సహజము.

జపానునందు పూర్వపు క్రైస్తవప్రచారము

జపానునకు క్రైస్తవమతము క్రొత్తది కాదు. 1549లో ఫ్రాన్సిస్ జేవియరు కాగోషిమాలో దిగినపుడే భాషాంతరీకర్త కష్టములు మొదలయ్యెను. అంజిరో యను జపానీయుని సహాయమున నతడు ఈశ్వరునికి "దైనిచి" యను పదమును వాడెను. దైనిచి యనగా షింగోన్ శాఖవారు ఆరాధించు మహావైరోచన బుద్ధుడు. జేవియరు తన దేవుని గుఱించి బోధించుచున్నానని యనుకొనుచుండగా, వినువారు తమ బుద్ధునే స్తుతించుచున్నాడని సంతోషించుచుండిరి. 1551లో నిజమెఱిగి యతడు ఆ పదమును వదలి, లాటినుపదమగు "దేయుస్" శబ్దమునే జపానీయుల నోట పలికింపవలసివచ్చెను. ఒక్క పదమువలన రెండేండ్ల బోధ తలక్రిందయ్యెను.

అనంతరము 1614లో క్రైస్తవమతము దేశమంతటను నిషేధింపబడెను. ఆ నిషేధమును తెలుపు పలకలు 1873వఱకును వీథులలో నిలిచియుండెను. వాని తొలగింపునకు ముందటియేడు, 1872లో, ఇవాకురా తొమొమి నాయకత్వమున పాశ్చాత్యదేశములకు బయలుదేఱిన జపాను రాయబారవర్గము పర్వతములందలి మంచుచే దారి మూతపడగా రెండువారములకు పైగా సాల్ట్‌లేక్ నగరమున నిలిచిపోవలసివచ్చెను. రాయబారులు మోర్మనుల నగరమును, వారి ప్రార్థనామందిరమును చూచిరి. బ్రిగమ్ యంగును కలిసికొనిరి. వర్గముతో పోయిన కుమే కునితకే ఆ యాత్రావృత్తాంతమును 1878లో నైదు సంపుటములుగా ప్రకటించెను. కావున మోర్మనులు జపానునకు రాకమునుపే జపాను విద్యావంతులు మోర్మనులను ఎఱుగుదురు. ఒకరినొకరు తెలిసికొనుట మిషనరీల యోడతో గాక మంచుచేత ఆగిన యొక రైలుబండితో మొదలైనది.

ఈ లోపల ప్రొటెస్టెంటు సంఘములవారు తమ పని సాగించుచుండిరి. 1859లో వచ్చిన వైద్యుడు జేమ్స్ హెప్‌బర్న్ 1867లో జపాను-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. అతడును మఱికొందఱును జపానుపండితులతో గూడి చేసిన నూతననిబంధన 1880లోను, పూర్తి బైబిలు 1887లోను సిద్ధమయ్యెను. దానిశైలి బుంగో. అయినను వారొక యుపాయము చేసిరి. చీనాలిపిలో వ్రాసిన పాండిత్యపదముల ప్రక్కన సన్నని యక్షరములతో దేశీయోచ్చారణము నిచ్చిరి. పవిత్రాత్మ యను నర్థముగల చీనాసమాసమును కంటితో చదువుచు, దాని ప్రక్కనున్న "మితమా" యను స్వదేశీయపదమును నోటితో పలుకుట కిట్లు వీలయ్యెను. పండితుడు లిపిని చూచి తృప్తిపడును. సామాన్యుడు ప్రక్కయక్షరములను చదివి గ్రహించును. రెండు భాషల నడుమ కట్టిన వంతెన యిది.

1901: తొలి బోధకులు

మోర్మను సంఘమునందలి పన్నిద్దఱు అపోస్తలులలో నొకడగు హీబర్ గ్రాంటు జపాను ప్రచారమునకు నియుక్తుడయ్యెను. లూయీ కెల్ష్, హొరేస్ ఎన్సైన్, ఆల్మా టేలరు అను మువ్వురు అతనితో పోయిరి. వీరిలో టేలరు పందొమ్మిదేండ్లవాడు. "ఎంప్రెస్ ఆఫ్ ఇండియా" యను నోడపై వారు 1901 ఆగస్టు 12వ తేదీన యోకోహామా చేరిరి. నల్వురిలో నెవ్వరికిని జపానుభాష రాదు. యోకోహామాలో ఒక వసతిగృహమువారు మోర్మనులని తెలిసి చోటియ్యమనిరి. పత్రికలు బహుభార్యాత్వమును గుఱించి దీర్ఘముగా చర్చించెను. జపానునందు ఉంపుడుగత్తెలకు పూర్వము గల చట్టసమ్మతస్థానము తీసివేయబడి చిరకాలము కానందున ఆ చర్చ దేశీయులకు సొంతయింటి చర్చగానే తోచెను. ఆ సెప్టెంబరు 1వ తేదీన గ్రాంటు యోకోహామా సమీపమున నొక తోపులో ప్రార్థనచేసి దేశమును తమ ప్రచారమునకు అంకితమొనర్చెను.

మొదట బాప్తిస్మము పొందినవాడు నకజావా హజిమే. అతడు పూర్వము షింటో పూజారి. 1902 మార్చి 8వ తేదీన ఒమోరి సముద్రతీరమున నతనికి బాప్తిస్మమియ్యబడెను. గ్రాంటు 1903లో స్వదేశమునకు పోవునప్పటికి అట్టివారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. వర్తకవ్యవహారములందు ఆఱితేఱిన యా పెద్దమనిషికి భాష పట్టుబడలేదు. తాను చేసినది కొంచెమే యను బాధ యతనిని వదలలేదు. అతడు విడిచిపోయిన పనికి నిలిచినవాడు బాలుడగు టేలరు. అతడు 1905లో ప్రచారమునకు అధ్యక్షుడై, 1910వఱకు నుండెను.

భాషాంతరీకరణము

టేలరు 1904లో మోర్మను గ్రంథమును జపానుభాషలోనికి మార్చ మొదలుపెట్టెను. అతడు విద్వాంసుడు కాడు. దేశమునకు వచ్చినపిదప నేర్చిన భాష తప్ప వేఱు పెట్టుబడి లేదు. మొదటిప్రతిని రోమకలిపిలోనే వ్రాసికొనెను. తరువాత అది జపానులిపిలోనికి ఎక్కింపబడెను. జపానీయులు కొందఱు దానిని దిద్దిరి. అయినను విదేశీయుని చేతివ్రాతయందలి వాసన పోలేదు. అప్పు డతనికి శైలీసమస్య యెదురయ్యెను.

ఆ సమస్యను గ్రహించుటకు నాటి జపాను భాషాస్థితిని తెలిసికొనవలెను. శాసనములు, రాజాజ్ఞలు, పత్రికల గంభీరవ్యాసములు, మతగ్రంథములు బుంగోయందే వ్రాయబడుచుండెను. బుంగోకు మూలము శతాబ్దములకు ముందటి వ్యాకరణము. దాని క్రియాంతములను ఇంట మాటలాడువారెవరును లేరు. మఱియొకప్రక్క "గెంబున్ ఇత్చి" యను నుద్యమము సాగుచుండెను. వాక్కును వ్రాతయు నొకటి గావలెనని దాని యర్థము. ఫుతబతెయి షిమెయి యను రచయిత 1887లో "ఉకిగుమో" యను నవలను మొదలుపెట్టి వాడుకభాషకు సాహిత్యమున దారితీసెను. ఇరువదియేండ్లు గడచునప్పటికి నవలలన్నియు దాదాపుగా ఆ దారినే పట్టెను. అంతకంటె ముఖ్యమైనది, 1904లో ప్రభుత్వమువారు ప్రవేశపెట్టిన ప్రాథమికపాఠ్యపుస్తకములు వాడుకభాషకు పెద్దపీట వేసెను. టేలరు తన కలమును చేతబట్టిన సంవత్సరమును, జపానుబాలుర చేతికి క్రొత్త వాచకములు వచ్చిన సంవత్సరమును ఒక్కటే.

టేలరు పలువురు విద్వాంసుల సలహాలు గోరెను. సుప్రసిద్ధ నవలాకారుడగు నత్సుమే సోసెకి తీరిక లేమిచే ఈ పనిని స్వీకరింపజాలక, ఇకుతా చోకో యను యువకుని చూపెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. ఇకుతాయు టేలరును 1882లోనే పుట్టినవారు. ఒకడు యూటానుండి వచ్చిన నిష్ఠాపరుడగు విశ్వాసి. ఒకడు పాశ్చాత్యతత్త్వశాస్త్రమున మునిగిన విమర్శకుడు. ఇకుతా ఆ వ్రాతప్రతిని ఆద్యంతము సంస్కరించి బుంగోయందలి సౌష్ఠవమును దానికి కల్పించెను. 1909లో 5000 ప్రతులు ముద్రింపబడెను. రెండేండ్లలోనే, 1911లో, ఈ యికుతాయే నీచే యను జర్మను తత్త్వవేత్తయొక్క "జరతూస్త్ర"ను జపానుభాషలో ప్రకటించెను. క్రైస్తవధర్మమును తీవ్రముగా ఖండించిన గ్రంథమునకును, అమెరికాలో పుట్టిన క్రైస్తవశాఖయొక్క గ్రంథమునకును జపానుభాషలో మెఱుగు పెట్టిన చేయి యొక్కటియే యగుట గమనింపదగినది. భాషాసంస్కారము మతవిశ్వాసముకంటె వేఱైన విద్య యని యిందువలన స్పష్టపడుచున్నది.

గ్రంథమునకు పెట్టిన పేరు భారతీయులకు మిక్కిలి యాసక్తికరము. ఆ పేరు "మొరుమొన్ క్యో". బైబిలునకు జపానీయులు వాడు పదము "సెయిషో", అనగా పవిత్రపుస్తకము. "క్యో" యనునది వేఱు పదము. దీనికి మూలము చీనాభాషయందలి "జింగ్". ఆ పదమునకు మొదటియర్థము మగ్గముపై నిలుపుగా సాగు పడుగునూలు. తరువాత నది ప్రామాణికగ్రంథములకు పేరయ్యెను. బౌద్ధభిక్షువులు మన "సూత్ర" శబ్దమును చీనాభాషలోనికి మార్చవలసివచ్చినపుడు ఈ పదమునే గ్రహించిరి. సూత్రమనగా దారమే కదా. దారమునకు దారము సరిపోయినది. జపానునందు సద్ధర్మపుండరీకసూత్రము "హొకెక్యో" యని పిలువబడుచున్నది. కావున 1909లో వెలువడిన గ్రంథముపై "క్యో" యను నక్షరమును చూచిన జపానీయునికి అది తన దేవాలయములందు పారాయణము చేయబడు గ్రంథములకు సాటిగా తోచియుండును. దానికి అంతటి స్థానమును కోరిన గ్రంథమునకు బుంగోశైలి తప్ప వేఱు వేషము కుదురదు.

సంఘమునకు పెట్టిన పేరునందును ఇట్టి ప్రతిధ్వనియే వినబడును. ఇంగ్లీషునందు "అంత్యదినముల పరిశుద్ధులు" అని యర్థమిచ్చు మాటలను వారు "మత్సుజిత్సు సెయితో" యని మార్చిరి. అందలి మొదటి యక్షరమును, బౌద్ధులు ధర్మము క్షీణించు కాలమునకు వాడు "మప్పో" యను మాటయందలి మొదటి యక్షరమును ఒక్కటే. కలియుగభావన మనకెంత పరిచితమో, మప్పో భావన జపానీయులకంత పరిచితము. క్రొత్త మతము పాతయక్షరముల నీడలోనే నిలువవలసియుండును. జేవియరునకు ఆ నీడ శత్రువైనది. టేలరునకు అది చేరువచుట్టమైనది.

వైఫల్యమునకు హేతువులు

ఇట్టి గ్రంథము వెలువడిన తరువాతను జనులు సంఘమునందు విరివిగా చేరలేదు. 1924లో నాటి సంఘాధ్యక్షుడు మిషనును మూసివేసెను. ఆ యధ్యక్షుడు హీబర్ గ్రాంటే. తాను తెఱచిన తలుపును తానే మూయవలసివచ్చినది.

దీనికి కారణము బుంగోశైలి యనుట యుక్తి కాదు. ఏలయనగా, ఆ కాలమునందు బైబిలును బుంగోయందే యుండెను. 1917లో సంస్కరింపబడిన నూతననిబంధనయు బుంగోయందే వెలువడెను. అయినను ఆ బైబిలును చేబట్టిన యితర సంఘములు మోర్మనులకంటె ఎన్నోమడుంగులు పెరిగినవి. ఒకేశైలి యొకచోట ఆటంకమై యొకచోట కాకుండుట పొసగదు. హేతువులను వేఱుచోట వెదకవలెను.

మొదటిది, ఇతర సంఘములు విద్యాలయములను వైద్యశాలలను నెలకొల్పెను. నీజిమా జో 1875లో క్యోటోలో స్థాపించిన దోషిషా యిందుకు తార్కాణము. గ్రంథమును చదువు విద్యార్థులను ఆ విద్యాలయములే సిద్ధపఱచెను. మోర్మనులకు అట్టి సంస్థ యొక్కటియు లేదు. వారి బోధకులు స్వంతవ్యయముతో వచ్చి, కొన్నియేండ్లుండి, భాష కొంత వచ్చునప్పటికి తిరిగిపోవు యువకులు. రెండవది, మోర్మను గ్రంథము బైబిలుపై కట్టిన మేడ. అందు యెషయా ప్రవక్తయొక్క వాక్యములు అధ్యాయములకొలది చేరియున్నవి. బైబిలు తెలిసిన వానికి అది రెండవ సాక్ష్యము. తెలియనివానికి అర్థము గాని పేర్లతో నిండిన పరదేశచరిత్రము. ఏ శైలియందు వ్రాసినను ఈ కష్టము తీఱదు. అమెరికాలో మోర్మనులు బైబిలు చదివినవారి నడుమ ప్రచారముచేసిరి. జపానునందు వారికి అట్టి శ్రోతలు మిక్కిలి యరుదు.

మూడవ హేతువు కాలము. 1923 సెప్టెంబరు 1వ తేదీన, అనగా గ్రాంటు ప్రార్థనచేసిన యిరువదిరెండేండ్లకు సరిగా నదేదినమున, మహాభూకంపము టోకియోను యోకోహామాను నేలమట్టము చేసెను. మఱుసటియేడు అమెరికా ప్రభుత్వమువారు చేసిన వలసచట్టము జపానీయులకు ఆ దేశమున ప్రవేశము లేకుండచేసెను. తమను మనుష్యులుగా ఎన్నని దేశమునుండి వచ్చి సహోదరభావమును బోధించువారిని జనులు ఎట్లు చూతురో చెప్పనక్కఱలేదు. బోధకుని నోట శాంతివచనము వెలువడుచుండగా అతని దేశపు చట్టసభ వేఱుమాట పలికెను. ఆ రెంటిలో జపానీయులకు గట్టిగా వినబడినది రెండవది.

మఱి శైలివలన నష్టమే లేదా? కలదు, కాని యది వెంటనే కనబడునది కాదు. టేలరునకు సలహా చెప్పినవారందఱును 1904నకు ముందు చదువుకొన్నవారు. బుంగో వారికి విద్యయొక్క భాష. కాని గ్రంథము ముందుకాలపు పాఠకులకొఱకు గదా అచ్చుపడినది. 1904లో ఆఱేండ్లవాడై బడిలో చేరిన బాలుడు గ్రంథము వెలువడునాటికి పదునొకండేండ్లవాడు. మిషను మూతపడునాటికి ఇరువదియాఱేండ్లవాడు. వానికి చదువు వాడుకభాషతో మొదలైనది. బుంగో వాని కర్థము కాకపోదు; పైతరగతులలో నేర్చియుండును. అయినను అది వాని మొదటి యక్షరాభ్యాసపు భాష కాదు. ఇట్లు ఏటేట గ్రంథమునకును పాఠకునికిని నడుమ నెడము పెరుగుచు వచ్చెను. శైలి గ్రంథమును పుట్టినప్పుడు చంపలేదు. దాని యాయుర్దాయమును నిర్ణయించినది.

మౌనకాలమును పునరారంభమును

1924 తరువాత బోధకులు లేని కాలమున నరా ఫుజియా యను విశ్వాసి మిగిలిన కొలదిమందిని కూర్చుచు, కొన్నాళ్లొక చిన్నపత్రికను నడపెను. 1937లో సంఘమువారు హవాయిద్వీపములందు జపానీయులకొఱకు మిషనును తెఱచిరి. జపానునకు మాత్రము బోధకులు రాలేదు. పిమ్మట యుద్ధము వచ్చెను. ఆ సంవత్సరములందు ఆ విశ్వాసులకు మిగిలినది 1909నాటి గ్రంథమే. ఉపదేశించువారు లేనప్పుడు పుస్తకమే యుపదేశకుడయ్యెను.

యుద్ధానంతరము ప్రచారము మఱల మొదలైన రీతి విచిత్రము. ఈమాఱు అది బోధకులతో గాక సైనికులతో వచ్చెను. 1945లో నగోయా సమీపమునందలి నరుమి యను గ్రామమున మోర్మనులైన కొందఱు అమెరికా సైనికులు ఒక జపాను కుటుంబమువారు ఆదరముతో ఇచ్చిన తేనీటిని పుచ్చుకొనక, తమ మతనియమమును వివరించిరి. జయించిన సైన్యమువారు ఓడిన దేశస్థుని తేనీటిని వినయముతో నిరాకరించి కారణము చెప్పుటయే అక్కడివారికి ఆశ్చర్యమయ్యెను. ఆ సంభాషణనుండి పరిచయము పెరిగెను. సతో తత్సుయి యను విద్వాంసుడు 1946 జూలై 7వ తేదీన బాప్తిస్మము పొందెను. అదేదినమున అతని భార్య చియోకు బాప్తిస్మమిచ్చిన సైనికుడు బాయిడ్ ప్యాకరు. ఇతడు తరువాత ఆ సంఘమున అపోస్తలుడయ్యెను. 1948లో ఎడ్వర్డ్ క్లిసోల్డు టోకియోలో మిషనును తిరిగి తెఱచెను.

సతో బాప్తిస్మము పొందిన 1946వ సంవత్సరము జపానుభాషకును గొప్ప మార్పుల సంవత్సరము. ఆ యేట ప్రభుత్వమువారు నిత్యవ్యవహారమునకు 1850 చీనాయక్షరములు చాలునని నిర్ణయించిరి. ఉచ్చారణానుసారమైన అక్షరసంయోగనియమములను విధించిరి. అన్నిటికంటె పెద్దమార్పు, ఆ నవంబరున ప్రకటింపబడిన నూతన రాజ్యాంగము వాడుకభాషయందు వ్రాయబడుట. శాసనమే బుంగోను విడిచినపిదప దానిని నిలుపువారెవరు? బైబిలు సైతము 1955నాటికి వాడుకభాషలో పూర్తిగా వెలువడెను.

ఆ మార్గముననే సతో తత్సుయి మోర్మను గ్రంథమును వాడుకభాషలో మఱల అనువదించెను. అది 1957లో ప్రకటింపబడెను. 1909కును 1957కును నడుమ 48 ఏండ్లు. మొదటి యనువాదమును చేసినవాడు విదేశీయుడు, దిద్దినవాడు విశ్వాసి కాని పండితుడు. రెండవదానిని చేసినవాడు దేశీయుడును విశ్వాసియు నగు పండితుడు. ఒక మతము పరదేశమున వేరూనెననుటకు ఇంతకంటె మంచి గుఱుతు లేదు. భాషాంతరీకర్తకొఱకు బయట వెదకవలసిన యవసరము తీఱినది. ఆ పిమ్మటి చరిత్రయు దీనికి తోడ్పడుచున్నది. ఆసియాఖండమున ఈ సంఘముయొక్క మొదటి "స్టేకు", అనగా ప్రాంతీయమండలము, 1970లో టోకియోయందు ఏర్పడెను. 1980లో నచటనే దేవాలయము ప్రతిష్ఠింపబడెను.

1995లో మూడవ యనువాదము వెలువడెను. మూలమునకు మిక్కిలి సన్నిహితముగా నుండుట దాని నియమము. దానితో పేరును మాఱినది: "మొరుమొన్ క్యో" పోయి "మొరుమొన్ షో" వచ్చెను. సూత్రవాచకమగు నక్షరము తొలగి పుస్తకవాచకమగు నక్షరము నిలిచెను. 1909లో బౌద్ధగ్రంథముల సరసన కూర్చుండగోరిన గ్రంథము 1995లో బైబిలుసరసన తన స్థానమును నిశ్చయించుకొన్నది. ఒక్క యక్షరముయొక్క మార్పునందు ఎనుబదియాఱేండ్ల చరిత్ర యిమిడియున్నది.

ఉపసంహారము

పై విషయములనుబట్టి మూడు సంగతులు తేలుచున్నవి. మతవ్యాప్తికి శైలి ప్రధానహేతువు కాదు. విద్యాలయములు, పాఠకుల పూర్వపరిచయము, రెండుదేశముల నడుమనుండు మర్యాద, ఇవి శైలికంటె బలమైనవి. గ్రాంథికశైలివలననే జనులు దూరమైరనువారును, గ్రాంథికశైలివలననే గ్రంథమునకు గౌరవము వచ్చుననువారును జపాను చరిత్రమునందు తమకు పూర్తి సాక్ష్యమును కనుగొనజాలరు. బుంగోగ్రంథము జనులను ఆకర్షింపలేదు. అయినను బోధకులు లేని యిరువదియేండ్లు విశ్వాసమును నిలిపినది అదియే. ఈ రెండును నిజములే.

రెండవది, గ్రంథమునకు ఆయువును పోయునది పాఠశాల. 1904లో వాచకములు మాఱినపుడే 1909నాటి గ్రంథముయొక్క భవిష్యత్తు నిర్ణయమైనది. టేలరుగాని యికుతాగాని దానిని గమనించి యుండరు. గమనించినను వేఱుగా చేయుట వారికి సాధ్యమై యుండదు. నాటికి వాడుకభాషలో పవిత్రగ్రంథమును వ్రాయు సంప్రదాయము నిలువద్రొక్కుకొనలేదు. తమకాలమునకు తగినట్లే వారు చేసిరి. కాలమే వారిని దాటిపోయెను.

మూడవది, పదముల యెన్నికవలని ఫలితము శైలివలని ఫలితముకంటె సూక్ష్మమైనది. దైనిచి, క్యో, మత్సుజిత్సు అను పదములను పరిశీలించినచో భాషాంతరీకర్త యే పదమును క్రొత్తగా సృష్టింపజాలడనియు, పాతపదముల యర్థసంచయమును అప్పుగా తెచ్చుకొనుననియు తెలియుచున్నది. ఆ యప్పును తీర్చువాడు తరువాతి తరమువాడు.

ఇకుతా చోకో ఆ వ్రాతప్రతిని దిద్దిన రెండేండ్లకే, 1911లో, చెన్నపురియందు ఆంధ్రసాహిత్యపరిషత్తు స్థాపింపబడెను. గిడుగు రామమూర్తి పంతులుగారి వాదమును ఆ దశాబ్దమునందే తీవ్రమయ్యెను. ఆ రెండుదేశముల విద్వాంసులు ఒకరినొకరు ఎఱుగకయే యొకే ప్రశ్నను విచారించుచుండిరి. తరువాతికాలమున మోర్మను గ్రంథము తెలుగులోనికిని వచ్చినది. దాని శైలిని, పదముల యెన్నికను జపాను అనువాదములతో పోల్చి పరిశీలించుట మన విద్వాంసులు చేయదగిన పని. అట్టి పరిశీలనమునకు వలసిన మూడు జపాను ప్రతులును, అనగా 1909, 1957, 1995 సంవత్సరములవి, అచ్చుపడినవై ప్రక్కప్రక్కన పెట్టి చదువుటకు వీలైనవి. మతవిషయమున మన యభిప్రాయ మేదైనను, ఒకే గ్రంథము ఒకేభాషలో ఎనుబదియాఱేండ్లలో మూడుమాఱులు పుట్టినచోట భాషాచరిత్రకారునికి దొరకు సామగ్రి చాల విలువైనది.